నీలం ఫోల్డర్‌లో ఏడు నెలలు

ఫోల్డర్ పోయింది.

నీలం రంగు ప్లాస్టిక్ ఫోల్డర్. లోపల పదకొండు కాగితాలు. వాటిలో ఒక్కటి లేకపోయినా మిగతా పదీ చిత్తుకాగితాల కిందే లెక్క.

బుధవారం మధ్యాహ్నం 2:50. ఇన్‌స్పెక్టర్ నెలీదా ఫెర్రోని దొన్యా ఇర్మా హాస్టల్ వంటింట్లోకి అడుగుపెట్టేసరికి పచ్చిగుడ్ల నీచువాసన గుప్పుమంది. బయట ముప్పై నాలుగు డిగ్రీల ఎండ. భూగోళానికి ఈ దక్షిణపు సగంలో, రొసారియోలో, డిసెంబరంటే నడివేసవే. నది మీంచి వచ్చే గాలి కూడా ఉడుకుతూనే వస్తుంది.

బల్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. తల నుంచి కాళ్ల దాకా గుడ్లసొన, మైదాపిండి, మస్టర్డ్ సాస్. ఎండి పెచ్చులు కట్టేస్తున్నాయి. చొక్కాకి ఒక చెయ్యి ఎవరో కత్తిరించేశారు.

వేరే దేశం పోలీసైతే ఎవరు కొట్టారమ్మా అని అడిగేది. నెలీదా ఈ ఊళ్లోనే పుట్టింది.

"చివరి పరీక్ష పాసయ్యావన్నమాట," అంది.

"పాసయ్యాను మేడమ్. పదికి తొమ్మిది." ఆ మాట చెప్తూనే ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది.

చివరి పరీక్ష గట్టెక్కినవాళ్లని స్నేహితులు కాలేజీ మెట్ల దగ్గరే నిలబెట్టి గుడ్లతో, పిండితో అభిషేకం చేస్తారు. పట్టా తర్వాతెప్పుడో వస్తుంది. పడాల్సిన గుడ్లు మాత్రం ఆ పూటే పడాలి.

"పేరు?"

"మిర్లాండ్ ఎక్సుమే. ఇరవై ఏడు. మాది హైతీ, జాక్మెల్. స్టూడెంట్ పర్మిట్ మీద వచ్చి ఆరేళ్లయింది. నర్సింగ్."

"ఫోల్డర్‌లో ఏముంది?"

"పర్మనెంట్ రెసిడెన్సీ కాగితాలు. రేపు పొద్దున తొమ్మిదింపావుకి ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో నా అపాయింట్‌మెంట్. నా స్టూడెంట్ పర్మిట్ గడువు కూడా రేపటితో సరి."

"మళ్లీ తెప్పించుకోలేవా?"

"కాలేజీ కాగితం రేపు పొద్దున్నే ఇస్తారు. ఉద్యోగం ఇచ్చిన హాస్పిటల్ లెటర్ కూడా మళ్లీ పంపిస్తారు. మా దేశం పోలీసు సర్టిఫికెట్ మాత్రం..." మిర్లాండ్ పిండి చేతుల్తో మొహం తుడుచుకోబోయి ఆగింది. "దానికి మా పిన్ని ఏడు నెలలు తిరిగింది మేడమ్. రాజధానికి మూడుసార్లు వెళ్లింది. రెండుసార్లు కాల్పులు జరుగుతున్నాయని దారిలోంచే వెనక్కొచ్చింది. రేపు నా చేతిలో అది లేకపోతే నేను పాసైన పిల్లని కాదు. గడువు మీరిన పరదేశిని."

పక్కన సబ్ ఇన్‌స్పెక్టర్ సోలెదాద్ లెదెస్మా చకచకా రాసుకుంటోంది. ముప్పై ఒక్కేళ్ల పిల్ల. చురుకైంది. ఆ చురుకే నెలీదాకి గిట్టదు.

ఒక ఫోల్డర్ పోతే ఇన్‌స్పెక్టర్ స్వయంగా రావడమేమిటి అంటారేమో. ఉన్నమాట చెప్పాలంటే, స్టేషన్లో తన బల్ల ముందు కూర్చోలేక వచ్చింది. ఆ బల్ల డ్రాయర్లో, టీలా కాచుకునే మాటే ఆకు పొట్లం కింద, లెదెస్మా పేరున వచ్చిన లెటర్ ఉంది. రాజధానిలో డిటెక్టివ్ ట్రైనింగ్‌కి ఎంపికైంది. పై అధికారి సంతకం పెట్టి గురువారం లోపు పంపాలి. ఇరవయ్యేళ్ల కిందట నెలీదా అదే ట్రైనింగ్‌కి మూడుసార్లు అప్లై చేసింది. మూడుసార్లూ ఇంటికి పొమ్మన్నారు.

"నా లెటర్ ఏమైనా వచ్చిందా మేడమ్?" అని లెదెస్మా నిన్న అడిగింది.

"రాలేదు," అంది నెలీదా. అని ఊరుకోకుండా, "వస్తే చెప్పనా?" అని కసిరింది కూడా.

సరే. ఫోల్డర్ సంగతికి వద్దాం.

"చివరిసారి ఎప్పుడు చూశావు?"

"పొద్దున ఎనిమిదింటికి. నా చేత్తోనే బ్యాగులో పెట్టుకున్నాను. పరీక్షయ్యాక జిరాక్సులు తీయిద్దామని."

"లేదని ఎప్పుడు తెలిసింది?"

"1:50కి. ఇక్కడే, ఈ బల్ల మీద."

"మధ్యలో బ్యాగు ఎవరి దగ్గరుంది?"

"గుడ్లు కొట్టేటప్పుడు యోవానా దగ్గర. మిగతా అంతసేపూ నా దగ్గరే."

యోవానా అంటే మిర్లాండ్ గదిలోనే ఉండే పెరూ అమ్మాయి. స్టవ్ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె టీషర్టు ముందువైపంతా పిండి. మిర్లాండ్ కావలించుకున్న గుర్తు, రెండు చేతుల అచ్చుతో సహా.

"నాకేం తెలీదు మేడమ్. ముందే చెప్తున్నా," అంది యోవానా.

"నేనింకా అడగలేదు."

"అడుగుతారుగా. ఇద్దరం ఒకే హాస్పిటల్‌కి అప్లై చేశాం. దక్షిణాన, నెవుకెన్‌లో. ఒక్కటే పోస్టు. దీనికొచ్చింది, నాకు రాలేదు. ఏడ్చానా అంటే ఏడ్చాను. రెండ్రోజులు దీంతో మాట్లాడలేదు. కుళ్లు లేదని అబద్ధమాడను."

"పాపం, నిజాయితీపరురాలివే."

"అంతేకాదు. మా దేశం వాళ్లకి ఇక్కడ రెసిడెన్సీ తేలిక. నాకది ఎప్పుడో వచ్చేసింది. దీనికి అదొక్కటే లేదు. మీరు రాసుకోండి, నా దగ్గర లేనిది దీని దగ్గర, దీని దగ్గర లేనిది నా దగ్గర."

"బ్యాగు నీ దగ్గర ఎప్పటినుంచి ఉంది?"

"11:10 నుంచి. నల్ల చెత్తసంచిలో పెట్టి గట్టిగా ముడేసి ఇచ్చారు, గుడ్లు పడకుండా. ఒక చేత్తో సంచి పట్టుకుని రెండో చేత్తో కొడుతూనే ఉన్నా. పదిహేడు గుడ్లు కొట్టాను. అందులో నాలుగు కొంచెం గట్టిగానే కొట్టాను."

మిర్లాండ్ ఏడుపులోనే ఫక్కున నవ్వింది. "తెలుస్తోందే. నుదురు బొప్పి కట్టింది."

"తర్వాత?"

"12:15కి అయిపోయింది. ఈ అవతారంతో బస్సెక్కనివ్వరు కదా. నడిచొచ్చాం. దారిలో కనపడ్డవాళ్లందర్నీ కావలించుకుంది. సోడా సీసాలు దింపే అతన్ని కూడా వదల్లేదు."

దొన్యా ఇర్మా అందుకుంది. హాస్టల్ ఆవిడదే. డెబ్భై ఏళ్లు దాటాయి, నోరు మాత్రం ఇరవైలోనే ఉంది. ఆవిడ ఏప్రాన్ మీద కూడా పసుపుపచ్చ సొన మరక. "ఇన్‌స్పెక్టరమ్మా, ఆ పిల్లని వదిలేసి ఇటు చూడండి. తాను చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందని, అదిగో ఆ మూల కూర్చున్నవాణ్ణి అడగండి."

మూల కుర్చీలో ఒక పొడుగాటి మనిషి. ఫ్రిట్జ్‌నెల్. మిర్లాండ్ ఊరివాడే. ఆమె వచ్చిన విమానంలోనే వచ్చాడు. మెడిసిన్‌లో చేరి రెండో ఏడాది ఆపేశాడు. చదువు ఆగితే స్టూడెంట్ పర్మిట్ కూడా ఆగిపోయింది. ఇప్పుడు సైకిల్ మీద భోజనాలు అందిస్తాడు.

"నీకు ఈర్ష్యగా ఉందా?" అని సూటిగానే అడిగింది నెలీదా.

"ఉంది," అన్నాడు.

"ఎంత?"

"రాత్రి ఆ ఫోల్డర్ చేత్తో పట్టుకుని చూశాను మేడమ్. మా చెల్లే, ఈ మిర్లాండే చూపించింది. మా దేశం ముద్ర, దాని కింద అనువాదం చేసినావిడ ముద్ర. ఎంత బాగున్నాయో! కడుపు మండిపోయింది. గదికెళ్లి అన్నం తినలేదు."

"తీశావా?"

"లేదు."

"ఎందుకు తీయలేదు?"

"దానిమీద నా పేరు లేదు కదా," అన్నాడు.

లెదెస్మా వెంటనే వెళ్లి, పక్క సందులోని అతని గది వెతికొచ్చింది. గడువు తీరిన పర్మిట్ కార్డు ఒకటి దిండు కింద దొరికింది. అంతకుమించి ఏమీ లేదు.

"చూశారా? ఆ కార్డు చాలదూ సాక్ష్యం?" అని ఫ్రిజ్ దగ్గర నిలబడ్డ కుర్రాడు ముందుకొచ్చాడు.

రమీరో బొనెట్టో. ఇరవై తొమ్మిది. ఈ ఊరివాడే. నాన్నతో కలిసి మోటార్ స్పేర్‌పార్ట్స్ షాపు నడుపుతాడు. మిర్లాండ్‌తో మూడేళ్లుగా ప్రేమ. మోచేతికి హెల్మెట్, ఒంటిమీద బైకు జాకెట్. పోలీసులకి ఫోన్ చేసింది ఇతనే.

"ఏడవకు బంగారం. నేనున్నాను కదా," అన్నాడు మిర్లాండ్‌తో. అన్నది రెండు గజాల దూరం నుంచి. తర్వాత నెలీదా వైపు తిరిగాడు. "వాణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్లి గట్టిగా అడగండి మేడమ్. సాయంత్రానికి కక్కేస్తాడు."

"నువ్వు ఎక్కడున్నావు?"

"పొద్దున బైకు మీద తీసుకెళ్లి కాలేజీ దగ్గర దింపాను. గుడ్లు కూడా నేనే కొన్నాను, రెండు అట్టలు. గుడ్లు కొట్టడం మొదలుపెట్టకముందే షాపుకెళ్లాను. తెరవాలి కదా. 2:00కి యోవానా ఫోన్ చేస్తే పరిగెత్తుకొచ్చాను."

"అంటే ఫోల్డర్ పోయినప్పుడు నువ్వు లేవు."

"లేను."

అతను తడుముకోకుండా చెప్పాడు. లెదెస్మా రాసుకుంది.

నెలీదా బ్యాగుని బల్ల మీదికి లాగింది. పక్కన నల్ల చెత్తసంచి. బయటంతా గుడ్లపెంకులు, పిండి, మాటే ఆకు అతుక్కుపోయి చూడ్డానికే అసహ్యంగా ఉంది. బ్యాగు మాత్రం తళతళలాడుతోంది. జిప్ మీద మరక లేదు. లోపల పుస్తకాల మీద వేలిముద్రంత పిండైనా లేదు.

"ముడి ఎవరు విప్పారు?"

"విప్పబోతే రాలేదు. ఇక్కడికొచ్చాక చేతులు కడుక్కుని కత్తెరతో కోశాను, జిప్ తీసిందీ నేనే," అంది యోవానా.

"అయితే ముడి పడేసరికే ఫోల్డర్ లేదు," అంది లెదెస్మా టక్కున. "అక్కడున్నవాళ్లందరి చేతులూ గుడ్లసొనలో మునిగాయి. ఆ చేతులతో ఎవరు తీసినా లోపల అంటుకునేది. ముడికి ముందే తీశారు. గుడ్లు పడకముందే."

సరిగ్గా అదే నెలీదా చెప్పబోయింది. అర నిమిషం ఆలస్యమైంది, అంతే. ఆ అర నిమిషానికి గుండెల్లో ఎవరో గరిట పెట్టి కెలికినట్టయింది.

"మిర్లాండ్," అంది కోపాన్ని గొంతులో నొక్కేసి. "పరీక్ష గదిలోకి బ్యాగు తీసుకెళ్లనిస్తారా?"

"లేదు మేడమ్."

"మరి పది నుంచి 10:50 దాకా ఎవరి దగ్గరుంది?"

"రమీరో దగ్గర." మిర్లాండ్ తెల్లబోయి చూసింది. "అంటే... నా దగ్గరున్నట్టే కదా?"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడనేది ఇందుకే. అతని చేతిలో ఉన్నదాన్ని ఆ పిల్ల తన చేతిలోనే ఉన్నట్టు లెక్కేసుకుంది.

"నేను గుడ్లు కొనడానికి వెళ్లినప్పుడు బ్యాగు వరండాలో బెంచీ మీదే పెట్టాను. పక్కన ఫ్రిట్జ్‌నెల్ కూర్చుని ఉన్నాడు, కావాలంటే అడగండి!" అన్నాడు రమీరో.

"కూర్చున్నాను. పావుగంట," అన్నాడు ఫ్రిట్జ్‌నెల్ తల దించుకుని.

ఇర్మా బల్ల మీద చరిచింది. "నే చెప్పలా!"

నెలీదా ఎవరికీ ఏమీ చెప్పకుండా పెరట్లోకి నడిచింది. వెనకే లెదెస్మా.

టైము 4:10. నిమ్మచెట్టు నీడలో నీళ్లతొట్టి గట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. లోపల ఇర్మా సాధింపు వినపడుతూనే ఉంది.

"ఇద్దరిలో ఎవరైనా కావచ్చు మేడమ్," అంది లెదెస్మా. "ఫోల్డర్ ఈపాటికి నదిలో ఉంటుంది. చింపి పారేసి ఉంటారు. పాపం, రేపటికి ఇంక..."

నెలీదా చెప్పుతో నేల గీస్తూ కూర్చుంది.

"నీ లెటర్ సోమవారమే వచ్చింది."

"ఏ లెటర్?"

"ట్రైనింగ్ లెటర్. నువ్వు సెలెక్టయ్యావు. నా డ్రాయర్లో పెట్టాను."

లెదెస్మా మొహంలో రంగు మారింది. "నిన్న అడిగితే రాలేదన్నారు."

"అన్నాను. కుళ్లుతో అన్నాను. నాకు రానిది నీకెందుకు రావాలని."

"చింపేశారా?"

"లేదు. చింపుదామని రెండుసార్లు తీశాను. చేతులు రాలేదు. నలగకుండా ప్లాస్టిక్ కవర్లో కూడా పెట్టాను. గురువారం దాటితే చాలనుకున్నాను. దాటాక, అయ్యో, ఇక్కడే ఉందే, చూసుకోలేదు అనేదాన్ని. నిన్ను ఓదార్చేదాన్ని కూడా..."

ఆమె ఠక్కున ఆగిపోయింది. లేచి నిలబడింది.

"చింపడు," అంది.

"ఎవరు?"

"తీసినవాడు. పగబట్టినవాడు చింపుతాడు. ఓర్వలేనివాడు దాస్తాడు. గడువు దాటేదాకా దాచి, దాటాక ఓదార్చడానికొస్తాడు. సోలెదాద్, ఇప్పుడే ఆ స్పేర్‌పార్ట్స్ షాపుకి ఫోన్ చెయ్యి. పొద్దున షాపు ఎన్నింటికి తెరిచారో కనుక్కో."

లెదెస్మా కదల్లేదు. "ముందు నా లెటర్," అంది. గొంతు మామూలుగానే ఉంది. కళ్లలో మాత్రం నిప్పులు రాలుతున్నాయి.

నెలీదా స్టేషన్‌కి ఫోన్ చేసింది. 4:35కి కానిస్టేబుల్ లెటర్ తెచ్చాడు. నీళ్లతొట్టి మూత మీద పెట్టి సంతకం చేసింది. చేసేటప్పుడు కూడా కడుపులో మంట చల్లారలేదు. మంట ఉన్నా చెయ్యి సంతకం పెట్టగలదని ఆమెకి యాభై రెండో ఏట తెలిసింది.

లెదెస్మా లెటర్ మడిచి జేబులో పెట్టుకుంది. థాంక్స్ చెప్పలేదు. షాపుకి ఫోన్ చేసింది.

5:00. వంటింట్లో అందరూ బల్ల చుట్టూ చేరారు. మిర్లాండ్ ఇంకా స్నానం చేయలేదు. ఫోల్డర్ దొరికితేగానీ చేయనని మొండికేసింది.

"రమీరో, నువ్వు రొసారియోలోనే పుట్టావు కదా?" అంది నెలీదా.

"అవును."

"గుడ్లు రెండు అట్టలు. అంటే అరవై. నువ్వెన్ని కొట్టావు?"

"చెప్పాను కదా, షాపు తెరవాలని..."

"మీ నాన్న ఎనిమిదింటికే తెరిచాడు. నీకు ఈరోజు సెలవిచ్చానన్నాడు. పిల్ల పాసవుతుంది, వెళ్లి పండగ చేసుకో అన్నాడట. నువ్వు పన్నెండింటికి షాపుకొస్తే ఆయనే ఆశ్చర్యపోయాడు."

రమీరో హెల్మెట్‌ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఈ ఊళ్లో మొదటి గుడ్డు ఎవరిది? ప్రేమించినవాడిది. మా ఆయన నా మీద కొట్టిన గుడ్డు సొన చెవిలోంచి మూడు రోజులు కారింది. అరవై గుడ్లు కొని ఒక్కటి కూడా కొట్టకుండా వెళ్లిపోయిన ప్రియుణ్ణి నా జన్మలో చూళ్లేదు. ఎందుకు వెళ్లావు?"

"పనుంది."

"పని కాదు. భయం. ఇక్కడందరి బట్టలూ చూడు. యోవానా టీషర్టు చూడు. ఫ్రిట్జ్‌నెల్ భుజాలు చూడు. దొన్యా ఇర్మా ఏప్రాన్. ఆఖరికి సోడా సీసాల మనిషి కూడా పిండి పూసుకుని పోయాడు. ఆ పిల్ల ఊరందర్నీ కావలించుకుంది. ప్రేమించినవాడి మీద మాత్రం చుక్క పడలేదు. ముప్పై నాలుగు డిగ్రీల ఎండలో మెడ దాకా జిప్ పెట్టుకుని, నేనొచ్చినప్పటినుంచి రెండు గజాల దూరంలోనే నిలబడి ఓదారుస్తున్నావు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడంటారు. ఈ వంటింట్లో భుజాల మీద దులుపుకోవడానికి ఏమీ లేనివాడు ఒక్కడే.

"మిర్లాండ్, లేచి అతన్ని కావలించుకో."

మిర్లాండ్ లేచింది. ఆమెకి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. చేతులు చాచి ఒక అడుగు వేసింది. మస్టర్డ్ సాస్ ఇంకా మోచేతుల మీద జిగటగా మెరుస్తోంది.

రమీరో వెనక్కి జరిగాడు. వీపు ఫ్రిజ్‌కి తగిలింది. చెయ్యి దానంతటదే గుండెల మీదికి పోయింది.

"వద్దు, పాడైపోతుంది!"

"ఏమిటి పాడయ్యేది?" అంది నెలీదా.

అందరూ అతని జాకెట్ వైపే చూశారు. ఇర్మా కూడా.

రమీరో జిప్ తనే కిందికి లాగాడు. బనీను మీద, చెమటకి అతుక్కుపోయి, నీలం ఫోల్డర్. నాన్న కళ్లబడుతుందని షాపులో దాచలేకపోయాడు. ఇంటికి తీసుకెళ్లేలోపే యోవానా ఫోన్ వచ్చింది.

"చింపలేదు చూడు," అన్నాడు మిర్లాండ్‌తో. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఒక్క మడత కూడా పడలేదు. రేపొక్కరోజు దాటితే ఇచ్చేసేవాణ్ణి. పెళ్లి చేసుకుందామని రెండుసార్లు అడిగాను. ముందు నా కాగితాలు, తర్వాత చూద్దాం అన్నావు. నన్ను చేసుకుంటే నా పేరు మీదే రెసిడెన్సీ వచ్చేది కదా! అది వద్దట. సొంతంగా తెచ్చుకుంటుందట. తెచ్చుకుని నెవుకెన్ పోతుంది, బస్సులో పదహారు గంటలు. అక్కడ డాక్టర్లుంటారు. కాగితం చేతికొచ్చాక స్పేర్‌పార్ట్స్ కొట్టువాడితో నీకేం పని?"

"ఏ డాక్టర్లు?" అంది మిర్లాండ్.

"ఎవరో ఒకరు ఉంటారు కదా!"

"ఒరేయ్, లేని డాక్టర్ల మీద ఏడ్చావురా," అంది యోవానా. "నేను నయం, ఉన్న ఉద్యోగం మీద ఏడ్చాను."

లెదెస్మా చేతికి గ్లవ్స్ వేసుకుని ఫోల్డర్ తీసుకుంది. పదకొండు కాగితాలూ లెక్కపెట్టింది. ఉన్నాయి.

అప్పుడు రమీరో మొహం తుడుచుకున్నాడు. గొంతు మారింది. "మా మామయ్య లాయరు మేడమ్. కొంచెం నాకూ తెలుసు. కంప్లయింట్ ఉంటే అది కేసు ప్రాపర్టీ. సీలు వేసి స్టేషన్లో పెట్టాలి. రేపు తొమ్మిదింపావుకి మిర్లాండ్‌కి ఎలా ఇస్తారు?" మిర్లాండ్ వైపు తిరిగాడు. "కంప్లయింట్ వెనక్కి తీసుకో బంగారం. మనిద్దరి మధ్య గొడవ అని చెప్పు. కాగితాలు ఇప్పుడే నీ చేతిలో ఉంటాయి."

మిర్లాండ్ నెలీదాని చూసింది. "నిజమేనా?"

"నిజమే," అంది నెలీదా. ఆ మాట చెప్పడానికి ఆమెకి ప్రాణం పోయినంత పనైంది. కేసు ఉంటే కాగితం ఉండదు. కాగితం కావాలంటే కేసు ఉండకూడదు. వాడు మళ్లీ ఆ పిల్ల ముందు తలుపు మూసి తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నాడు.

"డ్యూటీ ప్రాసిక్యూటర్‌కి ఫోన్ చేద్దాం," అంది లెదెస్మా, ఫోల్డర్ మీంచి తలెత్తకుండానే. "ఒక్కో కాగితానికీ ఫోటో తీసి, రసీదు రాయించుకుని, ఓనరుకి అప్పగించడానికి పర్మిషన్ అడగొచ్చు. కాగితం నకిలీదని కేసైతే ఇవ్వరు. ఇది దొంగతనం. ఇస్తారు."

ఇరవై ఆరేళ్ల సర్వీసు నెలీదాది. ఆ దారి ఆమెకి తట్టలేదు. మళ్లీ అదే గరిట, అదే కెలుకుడు. "ఫోన్ చెయ్యి," అంది పళ్ల బిగువున. "నా పేరు చెప్పు. బాధ్యత నాదని చెప్పు."

5:40కి ప్రాసిక్యూటర్ సరేనంది.

"నువ్వే చెప్పాలి మిర్లాండ్," అంది నెలీదా. "కంప్లయింట్ ఉంచనా, తీసేయనా?"

మిర్లాండ్ రమీరో దగ్గరికి నడిచింది. ఈసారి అతను జరగలేదు. జరగడానికి చోటు కూడా లేదు. ఆమె అతన్ని కావలించుకోలేదు, కొట్టలేదు. ఎండిన పిండి చెయ్యి అతని జాకెట్ మీద ఆనించి, నిదానంగా, మెడ నుంచి నడుము దాకా తుడుచుకుంది. తర్వాత రెండో చెయ్యి.

"ఉంచండి మేడమ్," అంది. అని స్నానానికి వెళ్లింది.

గురువారం ఉదయం 9:10. ఇమ్మిగ్రేషన్ ఆఫీసు ముందు లైను వీధి మలుపు దాటింది.

ఫోల్డర్ అప్పగించిన రసీదు మీద సంతకం నెలీదాది. అందుకే తనూ వచ్చింది. వచ్చేసరికి లైన్లో ముందు ఫ్రిట్జ్‌నెల్ నిలబడి ఉన్నాడు. మిర్లాండ్ కోసం ఆరింటికే వచ్చి చోటు పట్టాడట.

"నీకు రావాలని మొక్కుకున్నాను చెల్లీ," అన్నాడు ఆమెకి చోటిస్తూ. "రాకూడదని కూడా మొక్కుకున్నాను. ఏది వింటాడో ఆయనిష్టం."

"నేనైతే రెండోదే మొక్కుకున్నాను," అంది యోవానా. అంటూనే మిర్లాండ్ చొక్కా కాలరు సరిచేసింది. జుట్టులో మిగిలిన గుడ్డుపెంకు ముక్క ఏరి పడేసింది.

9:15. పిలుపొచ్చింది. అద్దం వెనక గుమాస్తా ఫోల్డర్ అందుకుంది. కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. హైతీ పోలీసు సర్టిఫికెట్ దగ్గర ఆగి, ముద్రని వెలుతురుకి పెట్టి చూసింది. గుమాస్తా దాన్ని కుడివైపు పెట్టి ఫారం తీసింది.

"దేని మీద అడుగుతున్నావమ్మా? పెళ్లేనా?" అంది తలెత్తకుండా. పెన్ను అప్పటికే ఆ గడి దగ్గర పెట్టేసింది.

"కాదు."

"మరి?"

"చదువు."

"గట్టిగా చెప్పమ్మా, అద్దం ఉంది, వినపడదు."

"చదువు!" అని అరిచింది మిర్లాండ్. "నా చదువు!"

లైనంతా తిరిగి చూసింది. చూసిన ప్రతి కంట్లోనూ ఈర్ష్యే. గుమాస్తా పెన్ను జరిపి, రెండు గళ్ల కింద టిక్కు పెట్టింది.